ఎడమచేతి చుట్టు

కిందటి వారం చిట్టిని మనం రిహార్సల్ హాల్లో బిక్కమొహంతో వదిలేసి వచ్చాం. పాట మంచి పట్టు మీద ఉండగా ఆమె గిటారు కీచుమంది. అలాంటిలాంటి కీచు కాదు, హాల్లోని ఇనప కుర్చీలన్నిటినీ ఒక్కసారే నేల మీద ఈడ్చినట్టు. డ్రమ్మర్ కర్రలు వదిలేసి చెవులు మూసుకున్నాడు. బృందానికి పెద్దదిక్కయిన కీబోర్డాయన ఒంటికాలి మీద లేచాడు. "ఆదివారం ప్రోగ్రాంలో ఈ కేక వినపడిందా, ఇక నీకూ మాకూ సెలవు. బాగు చేయించుకుంటావో, లోపలి సామాను మార్పించుకుంటావో నీ ఇష్టం. రేపు సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పు. లేదంటే గిటారుకి ఇంకొకర్ని చూసుకుంటాను" అని అందరి ముందూ అనేశాడు.

ఆ మాట చిట్టికి ఎంత గుచ్చుకుందో, మూల కుర్చీలో కూర్చున్న వదినకు అంతకంటే ఎక్కువ గుచ్చుకుంది. వదిన అంటే చిట్టి అన్న భార్య. నిన్నమొన్నటి దాకా ఈ బృందానికి గొంతు ఆవిడే. మెడకు ఆపరేషన్ అయ్యాక గొంతులో ఒక పక్క కదలడం మానేసిందని డాక్టరు తేల్చేశాడు. ఇప్పుడు ఆవిడ మాట్లాడితే గాలి ఎక్కువ, మాట తక్కువ. ఆసుపత్రి నుంచి వచ్చాక ధైర్యం చేసి ఒకసారి మైకు ముందు నిలబడింది. స్పీకర్లోంచి పాటకు బదులు బుసబుసమని ఊపిరి వచ్చింది. మైకును స్టాండుకు తగిలించి వెళ్లి మూలన కూర్చుంది. ఆ తర్వాత ఎవరైనా మైకు ఊసెత్తితే చాలు, లేచి బయటికి వెళ్లిపోతుంది. రిహార్సల్‌కు మాత్రం రావడం మానదు. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని వచ్చి, కూర్చుని, అన్నీ వింటుంది.

ఇంకో చిన్న సంగతి. పాడే రోజుల్లో వదిన ఎప్పుడూ చిట్టి పక్కనే, గిటారుకు ఆనుకున్నంత దగ్గరగా నిలబడేది. "గిటారు లైన్లో ఎవరో పాడుతున్నారయ్యా" అని మైకులూ స్పీకర్లూ చూసుకునే సౌండ్ బాబాయ్ మాటిమాటికీ గొణిగేవాడు. ఆయన దగ్గరొచ్చే వాసనకూ ఆ మాటకూ ముడిపెట్టి అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. పాపం, ఆ బాబాయ్‌ని కాస్త గుర్తుపెట్టుకోండి.

మర్నాడు పొద్దున్నే చిట్టి గిటారు పెట్టెను భుజాన వేసుకుని బయల్దేరింది. చెప్పులు వేసుకుని వదిన కూడా వెంట వచ్చింది.

మైనం మావయ్య షాపు టైర్ల కొట్టు పైన, ఇరుకు మెట్లెక్కి వెళ్లాలి. ఆయన వీళ్లకెవ్వరికీ మావయ్య కాదు, ఊళ్లో గిటారు పట్టిన ప్రతివాళ్లకీ మావయ్యే. గిటారు తీగల అదురును పట్టి స్పీకరుకు పంపే, చేతికి దొరికిన ప్రతి పికప్‌నూ కరిగిన మైనంలో ముంచితే తప్ప ఆయనకు అన్నం సహించదు, అందుకని ముందు మైనం చేరింది. గదిలో ఒక పక్క కుట్టుమిషను మోటారు బిగించి తయారుచేసుకున్న చుట్టుడు యంత్రం, దాని పక్కన రాగితీగ రీళ్లు, కిటికీ కింద చిన్న పొయ్యి. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు, ఆ నీళ్లలో ఇంకో గిన్నె, అందులో మైనం. గదంతా అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి వాసన వేస్తోంది.

చిట్టి గోడు అంతా విని ఆయన గిటారును ఇటూ అటూ తిప్పి చూశాడు. "మందు వేద్దామా, మార్చేద్దామా?" అన్నాడు డాక్టరు ఫోజులో.

"మార్చేద్దాం మావయ్యా. ఆదివారం పరువు దక్కాలి."

"అయితే గోడ వైపు తిరిగి కూర్చో."

"గోడ వైపా? నేనేం తప్పు చేశాను?"

"చూస్తూ వింటే ఖరీదైనదే బాగా వినిపిస్తుందమ్మాయ్. నా దగ్గర ఎంత పెద్ద మొనగాడైనా గోడకేసి చూసే ఎంచుకోవాలి. ఒకాయన ఇప్పటికీ ఆ గోడ మీది పగులును చూడకుండానే గీసి చూపిస్తాడు."

చిట్టి నవ్వుతూ తిరిగింది. వదిన బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుంది. మావయ్య మూలనున్న పరీక్ష గిటారు తీశాడు. దానికి వీపున చిన్న కిటికీ కోసి ఉంటుంది. తీగలు విప్పకుండానే వెనక నుంచి ఒక పికప్ తీసి ఇంకొకటి పెట్టొచ్చు. ఆయన వాయిస్తాడు, కొనేవాళ్లు వింటారు. కాకపోతే ఆయనకు వచ్చింది ఒకే ఒక్క ముక్క. దాన్నే కొన్నేళ్లుగా అరగదీస్తున్నాడు.

మొదటిది మోగింది. ఏ తీగ మాట ఆ తీగదే అన్నట్టు విడివిడిగా, గాజుగ్లాసు మీద చెంచా తగిలినట్టు తేటగా ఉంది. అడుగున మాత్రం సన్నగా గుయ్‌మంటూ ఒక రొద.

"ఒక్క కాయిల్‌ది ఇది. అయస్కాంతం చుట్టూ ఒకే చుట్ట. పలుకు బంగారం. కానీ చెవులు మరీ తెరుచుకుని కూర్చుంటుంది. ట్యూబులైటు, ఫ్యాను, పక్కింటి మిక్సీ, అన్నిటి గోలా మోసుకొస్తుంది."

రెండోది మోగింది. రొద మాయమైంది. స్వరం బొద్దుగా, వెచ్చగా ఉంది.

"దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది మావయ్యా."

"హంబకర్ మరి. రెండు కాయిళ్లు. ఒకదానికి పట్టిన రొదను రెండోది కొట్టేస్తుంది. మొగుడూ పెళ్లాం ఒక్కమాట మీద ఉన్న కాపురం లాంటిది, బయటి గోల లోపలికి రాదు. వాల్యూమ్ ఎంత పెంచినా నోరెత్తదు."

మూడోది ఈ రెండిటికీ మధ్యరకం. కాయిల్ ఒకటే, వెడల్పుగా చుట్టింది. మాట కొంచెం గరుకు, రొద కూడా కొంచెం మిగిలింది. ఆయన మూడింటినీ వరస మార్చి మళ్లీ వాయించాడు. చిట్టి కళ్లు మూసుకుంది.

ఎప్పుడు గిటారు స్వరం దిద్దుకున్నా ఆమె మనసులో ఒకటే లెక్క ఉండేది. గిటారు పక్కకు తప్పుకుని వదిన గొంతుకు దారి ఇవ్వాలి. మొదటిది విన్నప్పుడు చెవి అలవాటుగా ఆ దారినే వెతికింది. ఇప్పుడు ఆ దారిన వచ్చేవాళ్లు లేరు కదా అని గుర్తొచ్చింది. కొత్తగా వచ్చిన గాయనిది గట్టి గొంతు, ఆ అమ్మాయికి ఎవరూ దారి ఇవ్వక్కర్లేదు. కీబోర్డాయనకు కావలసింది కీచు లేకపోవడం. బుద్ధిగా ఆలోచిస్తే జవాబు ఒకటే.

"రెండోది" అంది చిట్టి. ఇటు తిరిగి, "ఏమంటావ్ వదినా?" అని అడిగింది.

వదిన అవునని గబగబా తలూపింది. ఆ గబగబలో ఏదో తేడా ఉందని చిట్టికి అనిపించింది. పాత పికప్ ఎప్పుడెప్పుడు గిటారులోంచి పోతుందా అని ఎదురు చూస్తున్న మనిషి తలూపినట్టుంది.

మావయ్య చిట్టి గిటారు విప్పి పాత పికప్‌ను బయటికి తీశాడు. "దీన్ని కూడా శుభ్రం చేసి, ఒక మునక వేయించి ఇస్తానులే, అవసరానికి దాచుకుందువు" అంటూ రేకు మూత తొలగించాడు. తొలగించి, కళ్లజోడు నుదుటి మీంచి దించాడు.

"ఎవరు చుట్టారమ్మాయ్ దీన్ని?"

"ఎవరు చుట్టడమేంటి మావయ్యా, ఫ్యాక్టరీదే కదా."

"ఏ ఫ్యాక్టరీలోనూ ఇలా చుట్టరు. చూడు, తీగ ఒక చోట ఒత్తుగా, ఒక చోట పలచగా పడింది. మిషను మీద ఇలా పడదు. ఇది చేత్తో చుట్టింది. అదీ తిరగేసి. మనలాంటి వాళ్లు చుడితే ఇటు వస్తుంది, ఇది అటు వచ్చింది. ఎడమచేతి వాటం వాళ్లెవరో కూర్చుని, ఓపిగ్గా..." అని ఆగాడు. "మైనం ఊసే లేదు. పాపం తెలిసుండదు. అందుకే ఏళ్లు గడిచేకొద్దీ లోపల తీగ వదులైంది. హాల్లో మోత పెరిగితే అది కూడా అదురుతుంది. ఆ అదురుడే నీ కీచు. ఇదేంటిక్కడ? తీగ కొసల మీద గోళ్ల రంగు!"

చిట్టి దగ్గరికి వచ్చి వంగి చూసింది. రాగితీగ కొసలు అతికించిన చోట, ఊడిపోకుండా రెండు చుక్కలు. ముదురు వంకాయ రంగు. ఊళ్లో ఎన్ని రంగులున్నా, స్టేజీ ఎక్కే రోజున ఆ ఒక్క రంగే వేసుకునే మనిషిని చిట్టి బాగా ఎరుగును.

మెల్లగా తలెత్తి చూసింది. వదిన ఎడమచెయ్యి ఫ్లాస్కు వెనక దాక్కుంది.

"వదినా."

వదిన నేల చూపులు చూసింది.

"అప్పుడు షాపాయన బాగుచేశాడని చెప్పావు."

"షాపులోనే కదే చేసింది" అంది వదిన. గాలీ మాటా కలిసిన ఆ గొంతు వినాలంటే దగ్గరికి జరగాలి. "మా షాపులో."

చిట్టికి ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. కాలేజీలో చేరిన కొత్తలో ఎవరో వదిలించుకున్న గిటారు ఒకటి ఇంటికి వచ్చింది. తీగలు మీటితే ఉలుకూ పలుకూ లేదు. "అటక మీద పడేయండి దాన్ని" అన్నాడు అన్నయ్య. చిట్టి అన్నం మానేసి అలిగింది. వదిన అప్పట్లో కాలిపోయిన ఫ్యాన్లకీ మోటార్లకీ తీగ చుట్టే షాపులో పనిచేసేది. ఒకరోజు గిటారును దుప్పట్లో చుట్టి పట్టుకెళ్లింది. మళ్లీ తెచ్చినప్పుడు అది పలికింది. ఆ రోజుల్లో వదిన వేళ్ల నిండా ప్లాస్టర్లు. కూరలు తరుగుతుంటే తెగిందని చెప్పింది. ఇన్ని వేళ్లు తెగేలా ఏం కూరలు తరిగావని అడగాలన్న జ్ఞానం చిట్టికి అప్పుడు లేదు. గిటారు పలికిందన్న సంబరంలో ఎవరి వేళ్లూ కనపడలేదు.

"ఫ్యాన్లు చుట్టిన చెయ్యే కదా, ఇదెంత అనుకున్నాను" అంది వదిన. "తీరా చూస్తే తీగ తలవెంట్రుక కన్నా సన్నం. తెగినప్పుడల్లా తిట్టుకున్నాను."

"ఎవర్ని?"

"నిన్నే. ఏ పిల్లనగ్రోవో నేర్చుకుని చావొచ్చు కదా, దానికి తీగలుండవు అని."

మావయ్య పకపకా నవ్వాడు. చిట్టి కూడా నవ్వబోయింది కానీ నవ్వు మధ్యలోనే కన్నీళ్లలోకి జారిపోయింది.

"చెప్పలేదేం వదినా?"

"ఏం చెప్పను? ఇల్లంతా గెంతుతున్నావు. ఫ్యాన్లు చుట్టే చేత్తో చేసిందని తెలిస్తే నీ ముచ్చట తగ్గుతుందేమో అనుకున్నాను. నిన్న అది అరిచినప్పుడు ప్రాణం పోయింది చిట్టీ. చేతకాని పని చేసి నీ చోటుకే ఎసరు పెట్టాను. కొత్తది వేయించేసుకో."

చిట్టి ఆ స్టూలు పక్కన నేల మీద చతికిలబడి, ఫ్లాస్కు లాగేసి, వదిన ఎడమచేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఎక్కడికెళ్లి వాయించినా జనం అనే మాట ఒకటే, ఆ గిటారులో ఏదో ఏడుపుంది, ఇంకెవరికీ అది రాదు అని. ఆ మాట విన్నప్పుడల్లా ఇంటికొచ్చి తన వేళ్లను తనే చూసుకుని మురిసిపోయేది.

"నేను వాయించానంటే నీ వల్లే వదినా. నాకు అన్నం పెట్టావు, చదివించావు, స్టేజీ మీద నా పక్కన నిలబడ్డావు. అవన్నీ తెలుసు, వాటికే నీ రుణం తీరదనుకుంటున్నాను. ఇదొకటి ఉందని తెలీనే తెలీదు. దేవుడి దయవల్ల ఇవాళైనా తెలిసింది" అంది చిట్టి. ఆ చేతిని కళ్లకు అద్దుకుంది.

వదిన కుడిచేత్తో ఆమె జుట్టు సర్దింది.

కాసేపటికి చిట్టి ముక్కు తుడుచుకుని లేచింది. "మావయ్యా, కొత్తది వద్దు. దీన్నే మైనంలో ముంచి మళ్లీ వేసివ్వండి. కీచు పోతుంది కదా?"

"పోకేం! సూదిమొన దూరే సందు లేకుండా మైనం పట్టిస్తాను." ఆయన మొహం చాటంతయింది. "ముందు ఒకసారి బతికుందో లేదో చూద్దాం."

పికప్‌ను బల్ల మీద పెట్టి, రేకు మూత తిరిగి తొడిగి, రెండు క్లిప్పులు తగిలించాడు. ఆ వైరు గది ఆ చివరనున్న ఆంప్లిఫయర్‌కు వెళ్తుంది. వాల్యూమ్ పెంచి స్క్రూడ్రైవర్ మొనతో మూతను తట్టాడు. స్పీకర్ టక్కుమంది.

వదిన మనసు ఒప్పుకోలేదు. చిట్టిని ఆపాలని బల్ల మీదికి వంగి, చెయ్యి అడ్డం పెట్టి, "వద్దే, నా మాట విను" అంది.

"వద్దే, నా మాట విను" అంది స్పీకర్.

ముగ్గురూ ఒక్కసారే స్పీకర్ వైపు తిరిగారు.

మైకులో వచ్చిన బుస కాదది. గాలి లేదు, ఊపిరి లేదు. పాత రేడియోలో వచ్చినట్టు కాస్త ముక్కుతో, కాస్త దూరంగా, కానీ గొంతు. వదిన గొంతు. అడుగున ఉండే ఆ సన్నటి జీర, మాట చివర మెత్తగా వంగడం, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక చిట్టి చెవిన పడలేదు ఆ గొంతు.

"ఓరి దేవుడా" అన్నాడు మావయ్య. "మైనం లేదు కదా, మాటకు కూడా అదురుతోంది. పైపై గాలి దీనికి అందదు. అడుగునున్న స్వరమే పట్టుకుంది."

"సౌండ్ బాబాయ్" అంది చిట్టి తెల్లబోయి. "గిటారు లైన్లో ఎవరో పాడుతున్నారని మొత్తుకునేవాడు. అందరం నవ్వాం." తాగని రోజున కూడా అదే మాట అన్నాడని ఇప్పుడు గుర్తొచ్చింది.

మావయ్య పొయ్యి వైపు చూశాడు. మైనం మీద సన్నగా పొగ లేస్తోంది. మొదటిసారిగా ఆయనకు ముంచాలన్న తొందర కనపడలేదు. "ఒక సంగతి చెప్పాలమ్మాయ్. ముంచితే కీచు పోతుంది, ఇదీ పోతుంది. రెండూ ఆ వదులు తీగ వల్లే. ఒకసారి మైనం లోపలికి దిగాక బయటికి లాగడం నా తరం కాదు. నీ గిటారుకి నీ స్వరం కావాలంటే ముంచాలి. ఈ గొంతు కావాలంటే మైనం తగలకూడదు, గిటారులోనూ ఉండకూడదు. ఒకటే ఉంది, రెండు పనులకు రాదు."

చిట్టి ఎంతోసేపు ఆలోచించలేదు. ఆలోచించాల్సి వచ్చి ఉంటే సిగ్గుపడేది.

"గిటారుకి రెండోది వేయండి మావయ్యా. దుప్పటి కప్పుకున్నదే. నా ఏడుపు లేకపోతే జనానికి వచ్చిన నష్టమేం లేదు. ఇది చుట్టినావిడకే మైకుగా ఇచ్చేద్దాం."

"నీకు మతిపోయిందా?" అన్నాయి వదినా, స్పీకరూ ఒకేసారి. స్పీకర్ మాట విని వదిన ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. మొహం ఎర్రబడింది. తన గొంతును తనే అలా వినడం భయమో సంతోషమో ఆవిడకే అర్థమైనట్టు లేదు.

బల్ల మీద చిట్టి ఫోను మోగింది. కీబోర్డాయన. చిట్టి దాన్ని బోర్లా తిప్పింది.

ఆ క్షణంలోనే వదిన ఎడమచెయ్యి చటుక్కున ముందుకొచ్చింది. పట్టకారుతో పికప్‌ను అందుకుంది. క్లిప్పులు ఊడలేదు, వైర్లు తోకలా వేలాడుతున్నాయి. ఒక్క అంగలో పొయ్యి దగ్గరికి చేరి, మైనం గిన్నె మీద పట్టుకుని నిలబడింది.

"అమ్మా, ఆగండి" అన్నాడు మావయ్య.

"నీ గిటారు నోరు నొక్కి నేను పాడాలా?" అంది వదిన. ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "నువ్వు పలకాలని చుట్టానే దీన్ని. నా కోసం కాదు."

చిట్టి దగ్గరికి వెళ్లలేదు. వెళ్తే ఆ చెయ్యి దిగిపోతుందని తెలుసు. వదిన పంతం ఆమెకు కొత్త కాదు, ఆ పంతం మీదే తను పెరిగింది.

"ముంచేయ్ వదినా. నేను అడ్డు రాను" అంది నెమ్మదిగా. "ముంచే ముందు ఒక్క ముక్క పాడు. నా కోసం. పాడి, విని, అప్పుడు కూడా ముంచాలనిపిస్తే ముంచేయ్."

ఫోను మోగి మోగి ఆగిపోయింది. పట్టకారు గిన్నె మీదే ఆగి ఉంది. వదిన చిట్టిని చూసింది, తన చేతిలో ఉన్నదాన్ని చూసింది. వంకాయ రంగు చుక్కలను దాచిన మూత మీద వేడి పొగ తగులుతోంది. ఆవిడ కళ్లు మూసుకుంది.

పాట ఎత్తుకునే ముందు వదినకు ఒక అలవాటుంది. ముందు ఎడమ కాలి మడమ నేల మీంచి లేస్తుంది, అది నేలను తాకిన చోట పాట మొదలవుతుంది. స్టేజీ మీద చిట్టి ఎప్పుడూ ఆవిడ మొహం చూసేది కాదు, ఆ మడమనే చూసి తీగ మీటేది.

చిట్టి కిందికి చూసింది.

మడమ లేచింది.